పూర్తి ప్లాన్ కోసం ఆగాలా, ఉన్నదానితో దిగాలా? ఇంటి ఊరగాయల వ్యాపారం పెంచుకునేవాళ్లకు

ఉగాది వెళ్లిందంటే మాలాంటివాళ్లకు టెన్షన్ మొదలవుతుంది. ఆవకాయకు పనికొచ్చే కాయ మార్కెట్లో దొరికేది ఏప్రిల్, మే నెలల్లోనే. తొలకరి పడిందంటే ముక్క మెత్తబడుతుంది, ఏడాదంతా నిలవ ఉంటుందన్న ధైర్యం పోతుంది. అందుకే ఊరగాయల వ్యాపారంలో "ఇంకో నెల ఆలోచించి చూద్దాం" అనుకుంటే పోయేది నెల కాదు, ఏడాది.

మాది రాజమండ్రి. నేనూ మా అత్తయ్యగారూ కలిసి ఇంట్లో ఊరగాయలు పెట్టి అమ్ముతాం. మొదట చుట్టాలకి ఇచ్చాం, తర్వాత చుట్టాల స్నేహితులకి, ఆ తర్వాత ముఖం తెలియనివాళ్లకి. ముఖం తెలియనివాళ్లు డబ్బు పంపి ఆర్డర్ పెట్టడం మొదలైన రోజు నుంచి ఇంట్లో ఒకటే చర్చ: దీన్ని పెంచాలా, పెంచితే ఎలా, ఎంత సిద్ధమయ్యాక? అత్తయ్యగారు "ఆలస్యం అమృతం విషం" అంటారు. మామయ్యగారు "నిదానమే ప్రధానం" అంటారు. ఇద్దరి మాటా నిజమే కాబట్టి ఏ మాట ఏ పనికి వర్తిస్తుందో తేల్చుకోవడానికే నాకు నాలుగేళ్లు పట్టింది.

ఇలాంటి వ్యాపారం చేస్తున్న ఆడవాళ్లు సలహా కోసం ఫోన్ చేస్తే దాదాపు అందరి దగ్గరా సగం ప్లాన్ ఉంటుంది. కాయ ఎక్కడ కొనాలో తెలుసు, ప్యాకింగ్ తెలియదు. ప్యాకింగ్ తెలుసు, పార్శిల్ పంపడం తెలియదు. అన్నీ కుదిరాక మొదలుపెట్టాలా, ఇప్పుడే దిగిపోవాలా అని అడుగుతారు. నేను తిరిగి ఒక్కటే అడుగుతాను: మీరు చేయబోయేది తప్పయితే వెనక్కి రావడానికి ఎంత ఖర్చవుతుంది? దీనికి జవాబు దొరికితే ఎంపిక సగం అయిపోయినట్టే.

అన్నీ కుదిరేదాకా ఆగడం

ఈ దారి నేను నడిచిందే. ఒక ఏడాది ఆర్డర్లు బాగా వచ్చాయి. ఆ ఊపులో వచ్చే ఏడాది అంతా పద్ధతిగా చేద్దామనుకున్నాం. పేరు, లోగో, గాజు సీసాలు, మేడ మీద వేరే వంటగది, వెబ్‌సైట్ అని పెద్ద లిస్టు రాసుకున్నాం. ఒకటి కుదిరితే ఒకటి కుదరలేదు. సీసాల కొటేషన్ వచ్చేసరికి వంటగది పని ఆగింది. వంటగది పూర్తయ్యేసరికి లోగో నచ్చలేదు. మే రెండో వారంలో "ఇక ఈసారికి వద్దులే" అనుకుని ఇంటికి సరిపడా పెట్టుకుని ఊరుకున్నాం.

ఆ ఏడాది అడిగినవాళ్లందరికీ "ఈసారి లేదండీ" అని చెప్పాను. మరుసటి ఏడాది వాళ్లలో చాలామంది తిరిగి రాలేదు. ఇంకెక్కడో కొన్నారు, ఆ రుచికి అలవాటుపడ్డారు. ఊరగాయ అలవాటు మీద నడిచే సరుకు. ఒకసారి నాలుక మారితే మళ్లీ మన వైపు తిప్పుకోవడం చాలా కష్టం. ఇంకో నష్టం కూడా ఉంది. ఆ ఏడాదంతా సీసాల గురించి చాలా తెలుసుకున్నాను గానీ కొనేవాళ్ల గురించి ఒక్క కొత్త విషయమూ తెలుసుకోలేదు. అరకిలో ఎక్కువ పోతుందా, కిలోనా? వెల్లుల్లి వేసినది అడుగుతారా, వేయనిదా? కారం తగ్గించమనేవాళ్లు ఎంతమంది? ఇవి ఇంట్లో కూర్చుని తేల్చుకునేవి కావు.

ఆగడం తప్పని నేను అనను. ఆగి తీరాల్సిన పనులు కొన్ని ఉన్నాయి, వాటి దగ్గరికి తర్వాత వస్తాను. కానీ లోగో కోసం, వెబ్‌సైట్ కోసం, సీసా ఆకారం కోసం ఒక సీజన్ వదులుకోవడం మాత్రం నష్టమే.

ఒక్కసారిగా దిగిపోవడం

ఇది మా బంధువుల్లో ఒకావిడ చేశారు. ఆమె చేతి రుచి మా అందరికంటే మంచిది. మెయిన్ రోడ్డు మీద షాపు తీసుకున్నారు. కొన్ని నెలల అద్దెకు సమానమైన అడ్వాన్సు, ర్యాకులు, బోర్డు, ఫ్రిజ్, కౌంటర్లో ఒక అమ్మాయి. మొదటి మూడు నెలలు కిటకిటలాడింది. వేసవి అయ్యాక అమ్మకం తగ్గింది. ఊరగాయ అమ్మకం సీజన్‌ను బట్టి ఎగుడుదిగుడుగా ఉంటుంది, అద్దె మాత్రం పన్నెండు నెలలూ ఒకటే. చివరికి పదకొండు నెలల అగ్రిమెంటు ముగిసిన రోజే షాపు ఖాళీ చేశారు. ర్యాకులు సగం ధరకు కూడా పోలేదు.

ఆవిడ ధైర్యం నాకు ఇప్పటికీ గౌరవమే. ఆవిడ ప్లాన్ సగమే ఉండటం వల్ల నష్టం రాలేదు, నా ప్లానూ ఎప్పుడూ సగమే. ఆ సగం ప్లాన్‌ను వెనక్కి రాలేని పని మీద పెట్టారు. అదే షాపులో పండగ ముందు పది రోజులకు ఒక మూల కౌంటరు అద్దెకు తీసుకుని ఉంటే, ఆ వీధిలో ఎవరు కొంటారో, ఏ రోజుల్లో కొంటారో చాలా తక్కువ ఖర్చుతో తెలిసేది.

హద్దు పెట్టుకుని చిన్నగా చేసి చూడటం

మూడో దారి ఇది. నేను సలహా ఇచ్చేది ఎక్కువగా దీనికే. ఒకే రకం ఊరగాయ, ఇంత మోతాదు, ఇంత డబ్బు, ఇన్నాళ్లు అని ముందే రాసుకుని దిగడం. మిగతావి తెలియకపోయినా ఫరవాలేదు. అవి చేస్తుంటే తెలుస్తాయి.

లిజ్జత్ పాపడ్ కథ చాలామందికి తెలుసు. 1959 మార్చిలో బొంబాయి గిర్‌గాంలో ఏడుగురు ఆడవాళ్లు 80 రూపాయలు అప్పు తీసుకుని, మేడ మీద అప్పడాలు చేయడం మొదలుపెట్టారు. మొదటి రోజు తయారైనవి 4 ప్యాకెట్లు. ఆ ఏడాది వానాకాలంలో అప్పడాలు ఎండక నాలుగు నెలలు పని ఆపేశారు. మాగాయ ముక్కలు ఆరబెట్టి ఆకాశం వైపు చూసినవాళ్లకు ఆ బాధ తెలుస్తుంది. వాన వస్తే ఏం చేయాలన్నది వాళ్ల ప్లాన్‌లో లేదు. మరుసటి ఏడాది ఒక మంచం, ఒక పొయ్యి కొన్నారు. మంచం మీద అప్పడాలు, కింద పొయ్యి. సమస్య తీరింది. ఆ ఉపాయం మొదటి ఏడాది నష్టం చూపించిన దారి.

ఈ కథలో ఇంకో ముక్క కూడా నాకు ముఖ్యం. మొదట్లో వాళ్లు చవకగా అమ్మడానికి రెండో రకం అప్పడం కూడా చేసేవారు. అప్పు ఇచ్చి దారి చూపిన పెద్దమనిషి, నాణ్యత విషయంలో రాజీ వద్దు, ఒకటే రకం చేయండి అన్నారు. మోతాదులో, స్థలంలో, సామానులో వాళ్లది అరకొర ప్లానే. నాణ్యతలో మాత్రం సగం పని ఒప్పుకోలేదు. ఏది సగం ఉండొచ్చో, ఏది ఉండకూడదో ఆ ఒక్క నిర్ణయంలో ఉంది.

సరుకు ఎంత పెట్టాలి

అందరూ తడబడేది ఇక్కడే కాబట్టి లెక్క వేసి చూపిస్తాను. ఇవి అనుకున్న అంకెలు, మీ అంకెలు మీరు వేసుకోండి. కిలో ఆవకాయకు కాయ, కారం, ఆవపిండి, నూనె, ఉప్పు, ప్యాకింగ్ అన్నీ కలిపి 280 రూపాయలు ఖర్చు, అమ్మకం ధర 500 అనుకుందాం. కిలో మీద మిగిలేది 220.

కిందటేడాది మీరు 60 కిలోలు అమ్మారు. ఈసారి 100 పెట్టాలా, 300 పెట్టాలా? 300 పెడితే ముందు పెట్టుబడి 84,000. అన్నీ అమ్ముడైతే 66,000 మిగులుతాయి. కానీ 120 కిలోలే పోయాయనుకోండి, చేతికి వచ్చేది 60,000. అంటే 24,000 నష్టం, పైగా ఇంటినిండా జాడీలు. అదే 100 కిలోలు పెట్టి, గిరాకీ 120కి వచ్చిందనుకోండి. మీరు పోగొట్టుకున్నది 20 కిలోల మీద లాభం, 4,400. తక్కువ పెట్టి తప్పు చేస్తే 4,400, ఎక్కువ పెట్టి తప్పు చేస్తే 24,000. గిరాకీ ఎంతో తెలియని ఏడాదిలో తక్కువ వైపు తప్పు చేయడమే మంచిది. మూడు నాలుగు సీజన్ల అంకెలు చేతిలో ఉన్నవాళ్లకు ఈ మాట వర్తించదు. వాళ్లు భయపడి 100 దగ్గరే ఆగిపోతే అదీ నష్టమే.

ఊరగాయ ఏడాది నిలవుంటుంది కదా, మిగిలితే ఏం అని కొందరంటారు. నిలవుంటుంది, కానీ రంగు నల్లబడుతుంది. కొత్తావకాయ వచ్చాక పాతది కొనేవాళ్లు ఉండరు. పైగా డబ్బంతా ఏప్రిల్, మే నెలల్లో ఒక్కసారి బయటకు పోతుంది, తిరిగి రావడం ఏడాది పొడవునా కొద్దికొద్దిగా ఉంటుంది. ఆ మధ్యలో పిల్లల స్కూలు ఫీజు కట్టాల్సిన జూన్ నెల వస్తుంది. సరుకు నిర్ణయించేటప్పుడు ఈ జూన్‌ను లెక్కలో పెట్టుకోండి.

మోతాదు పెంచే ముందు ఒక పని మాత్రం తప్పకుండా చేయండి. ఇంట్లో పెద్దవాళ్ల చేతి కొలతలను గ్రాముల్లోకి మార్చండి. మా అత్తయ్యగారు సోలతో, గుప్పెడుతో కొలిచేవారు. పది కిలోల దాకా ఆ చేతికి తిరుగులేదు. నలభై కిలోలు కలపడానికి ఇద్దరు మనుషులు వచ్చాక ఒక్కో జాడీకి ఒక్కో రుచి వచ్చింది. ఎలక్ట్రానిక్ కాటా తెచ్చి, ఆవిడ వేసే ప్రతి గుప్పెడునూ తూచి రాసుకున్నాను. మా వ్యాపారంలో తక్కువ ఖర్చుతో ఎక్కువ ఫలితం ఇచ్చిన పని అదే.

ప్యాకింగ్: ముద్రించిన పౌచా, స్టిక్కరా

రంగుల్లో ముద్రించిన పౌచ్ చూడటానికి బాగుంటుంది. కానీ ఆ ముద్రణలో ఒక్కో రంగుకు ఒక్కో సిలిండరు చేయించాలి. అందుకే ప్రింటర్లు వేలల్లో అయితేనే ఆర్డరు తీసుకుంటారు. వేల పౌచ్‌లు వచ్చాక అడ్రసు మారినా, ధర మారినా, పదార్థాల జాబితాలో ఒకటి మారినా చెత్తకుప్పే. 2025 సెప్టెంబరు 22 నుంచి ఊరగాయల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది. అలాంటి మార్పులు వచ్చినప్పుడు ధర ముందే ముద్రించి పెట్టుకున్నవాళ్ల తిప్పలు ఊహించుకోండి.

సాదా పౌచ్ కొని, డిజిటల్ ప్రింటింగ్ షాపులో వంద స్టిక్కర్లు వేయించుకుని అంటించుకోవడం మొదటి రెండు మూడేళ్లకు మేలు. విడిగా చూస్తే స్టిక్కర్ ఖరీదు ఎక్కువే. కానీ తప్పు దిద్దుకునే వీలుకు ఆ మాత్రం ఖర్చు పెట్టొచ్చు. ఒకే డిజైన్‌తో రెండు సీజన్లు మార్పు లేకుండా గడిచాయంటే అప్పుడు ముద్రణకు వెళ్లండి.

గాజు సీసా మంచిదే, కానీ దూరం పార్శిల్‌కు బరువు, పగిలే భయం. నేరుగా ఇంటికొచ్చి కొనేవాళ్లకు సీసా, పార్శిల్‌కు పౌచ్ అని మేము విడదీసుకున్నాం.

ఎక్కడ అమ్మాలి

వాట్సాప్‌లో నేరుగా అమ్మితే డబ్బు ముందే వస్తుంది, కొన్నవాళ్ల మాట సూటిగా వినబడుతుంది. పని మాత్రం అంతా మనదే. ప్రతి మెసేజ్‌కీ జవాబు, ప్రతి పార్శిల్‌కీ ప్యాకింగ్. కిరాణా షాపుల్లో, సూపర్ మార్కెట్లలో పెడితే ఒక్కసారిగా పాతిక ప్యాకెట్లు పోతాయి గానీ డబ్బు అరువు. "అమ్మాక ఇస్తాం, అమ్ముడుపోకపోతే తీసుకెళ్లండి" అంటారు. ఒక షాపు దగ్గర నా డబ్బు ఐదు నెలలు ఇరుక్కుంది. తిరిగి తిరిగి తెచ్చుకున్నాను.

షాపులకు వెళ్లాలనుకుంటే ముందు ఉద్యం రిజిస్ట్రేషన్, అంటే చిన్న వ్యాపారాలకు కేంద్ర ప్రభుత్వం ఇచ్చే నమోదు, చేయించుకోండి. ఆధార్‌తో ఆన్‌లైన్లో అయిపోతుంది, ఫీజు లేదు. మధ్యలో ఎవరైనా డబ్బు అడిగితే ఇవ్వకండి. 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్య తరహా పరిశ్రమల చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న సంస్థల దగ్గర సరుకు కొన్నవాళ్లు రాతపూర్వక ఒప్పందం ఉంటే ఆ గడువులో, అదీ 45 రోజులు దాటకుండా డబ్బు ఇవ్వాలి. ఒప్పందం లేకపోతే గడువు 15 రోజులే. చిన్న షాపువాడి మీద చట్టం ఎత్తమని నేను చెప్పను. కానీ బిల్లు మీద గడువు రాసి సంతకం పెట్టించుకుంటే అడిగేటప్పుడు మన గొంతులో బలం ఉంటుంది. రెండు షాపులతో, చెరో పది ప్యాకెట్లతో మొదలుపెట్టండి. మొదటి పదికి డబ్బు వచ్చాకే రెండో పది ఇవ్వండి. నష్టపోయినా పది ప్యాకెట్లతో పోతుంది.

మనుషుల సంగతి క్లుప్తంగా చెబుతాను. సీజన్‌లో రోజుకూలీకి పెట్టుకోండి, నెల జీతానికి వద్దు. ఒకే మనిషి వరుసగా రెండు సీజన్లు వచ్చి, పన్నెండు నెలలకూ సరిపడా పని మీ దగ్గర ఉందని అంకెలు చెబితే అప్పుడు జీతం మాట్లాడండి. ఒకరి ఇల్లు మన జీతం మీద నడవడం మొదలయ్యాక, సగం ప్లాన్‌తో చేసిన ప్రయోగం అని తప్పుకోవడం న్యాయం కాదు.

అప్పు తీసుకోవాలా

చేతి డబ్బుతో ఒక సీజన్ నడిపి చూడకుండా అప్పు జోలికి వెళ్లొద్దు. అప్పు వెనక్కి తిరగడానికి ఖర్చు ఎక్కువయ్యే పని. ఇందులో ప్లాన్ సగం ఉంటే చాలదు.

చిన్న వ్యాపారాలకు బ్యాంకుల ద్వారా అప్పు ఇప్పించే ముద్ర పథకం 2015 ఏప్రిల్లో మొదలైంది. తాకట్టు అడగరు. శిశు అంటే 50,000 దాకా, కిశోర్ అంటే 5 లక్షల దాకా, తరుణ్ అంటే 10 లక్షల దాకా. తరుణ్ కింద తీసుకుని తీర్చినవాళ్లకు 2024 నుంచి 20 లక్షల దాకా ఇంకో మెట్టు పెట్టారు. డ్వాక్రా సంఘంలో ఉన్నవాళ్లకు సంఘం పేరు మీద బ్యాంకు ఇచ్చే లింకేజీ అప్పు, స్త్రీనిధి అప్పు ఉన్నాయి. మొదటి సీజన్ అంకెలు చూపించగలిగినవాళ్లకు శిశు స్థాయి అప్పు సరిపోతుంది. కాటా, మిక్సీ గ్రైండర్, సీలింగ్ మెషిన్, డ్రమ్ములు దాంట్లో వచ్చేస్తాయి.

2020లో వచ్చిన పీఎంఎఫ్‌ఎంఈ పథకం చిన్న ఆహార పరిశ్రమలకు ప్రత్యేకం. ప్రాజెక్టు ఖర్చులో 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షల దాకా సబ్సిడీ. మన వాటా కనీసం 10 శాతం ఉండాలి. వినగానే ఆశ పుడుతుంది. కానీ ఆ సబ్సిడీ చేతికి వచ్చే నగదు కాదు. బ్యాంకు ఖాతాలో విడిగా ఉంచి, అప్పు సక్రమంగా కడుతూ యూనిట్ నడుస్తుంటే మూడేళ్ల తర్వాత అప్పులో సర్దుతారు. 35 శాతం వచ్చేస్తుంది కదా అని ఆ మేరకు పెద్ద మెషిన్ కొనకండి. పూర్తి కిస్తీ కట్టగలిగితేనే తీసుకోండి. దరఖాస్తు పెట్టే ముందు ఆ ఏడాదికి పథకం తెరిచి ఉందో లేదో బ్యాంకులో కనుక్కోండి. అప్పు మంజూరు అయ్యేదాకా మామిడికాయ ఆగదు, కాబట్టి ఈ సీజన్ సరుకును బ్యాంకు సంతకంతో ముడిపెట్టకండి. మెషిన్ కోసం అప్పు వేరు, ఈ ఏడాది కాయ కొనే డబ్బు వేరు.

సగం చేస్తే కుదరని పనులు

ఆగి తీరాల్సిన పనులని ముందు అన్నాను కదా, అవి ఇవే. ఇక్కడ నేను మామయ్యగారి పక్షం.

మొదటిది తడి. జాడీ, గరిటె, చెయ్యి, కాయ, ఏ ఒక్కటి తడిగా ఉన్నా బూజు వస్తుంది. కడిగిన కాయను గుడ్డతో తుడిచి పూర్తిగా ఆరనివ్వాలి. ముక్కల మీద నూనె తేలాలి. ఇంటికి పెట్టుకున్నది పాడైతే ఒక జాడీ పోతుంది. ముఖం తెలియని మనిషికి పంపింది పాడైతే ఆ ఇంట్లో ఎవరికో ఒంట్లో బాగోలేకుండా పోవచ్చు. అందుకే ప్రతి జాడీకి ఒక నంబరు, తేదీ వేసి పుస్తకంలో రాయండి. ఫిర్యాదు వస్తే ఏ జాడీదో తెలియాలి, అందులోంచి ఇంకెవరికి వెళ్లిందో తెలిసి వాళ్లకు మనమే ఫోన్ చేయగలగాలి.

రెండోది ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబరు, అంటే ఆహారం అమ్మడానికి కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఇచ్చే నంబరు. ఇంట్లో చేసి అమ్మినా కావాలి. 2011 నాటి నిబంధనల్లో ఏడాదికి 12 లక్షల టర్నోవరు (మొత్తం అమ్మకం) దాకా బేసిక్ రిజిస్ట్రేషన్, ఫీజు ఏడాదికి 100 రూపాయలు అని పెట్టారు. ఈ హద్దులను ప్రభుత్వం మధ్యమధ్యలో మారుస్తుంటుంది కాబట్టి దరఖాస్తు పెట్టే రోజున ఆ సంస్థవాళ్ల ఫోస్కోస్ పోర్టల్లో చూసుకోండి. ఆ 14 అంకెల నంబరు లేబుల్ మీద ఉండాలి. దాంతోపాటు పదార్థాల జాబితా ఎక్కువ నుంచి తక్కువకు, నికర బరువు, అన్ని పన్నులతో కలిపి ఎమ్మార్పీ, తయారైన తేదీ, ఎన్నాళ్లలోగా వాడాలో, బ్యాచ్ నంబరు, మీ చిరునామా, ఫిర్యాదు చేయడానికి ఫోన్ నంబరు, శాకాహారమైతే ఆకుపచ్చ గుర్తు. స్టిక్కర్ సాదాగా ఉన్నా పరవాలేదు, ఇవన్నీ ఉండాలి.

మూడోది జీఎస్టీ రిజిస్ట్రేషన్. దీని సంగతి చాలామందికి తెలియదు, నేనూ ఆలస్యంగానే తెలుసుకున్నాను. రాష్ట్రం లోపలే సరుకు అమ్మేవాళ్లకు ఆంధ్రప్రదేశ్‌లో ఏడాదికి 40 లక్షల టర్నోవరు దాకా జీఎస్టీ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. తెలంగాణలో ఆ హద్దు 20 లక్షలే. 2019లో హద్దు పెంచినప్పుడు తెలంగాణ పాతదే ఉంచుకుంది. అయితే ఈ మినహాయింపు రాష్ట్రం దాటితే వర్తించదు. రాజమండ్రి నుంచి హైదరాబాద్‌కు ఊరగాయ పార్శిల్ అమ్మితే అది వేరే రాష్ట్రానికి అమ్మకం. పన్ను ఉన్న సరుకును అలా అమ్మేవాళ్లు టర్నోవరు ఎంత చిన్నదైనా రిజిస్టర్ కావాలి. మన మనసులో హైదరాబాద్ ఇంకా పక్క ఊరే కాబట్టి 2014 తర్వాత ఇది రాష్ట్ర సరిహద్దు అయిందన్న సంగతి గుర్తుకు రాదు.

దీన్నిబట్టి కూడా ఎంపిక మారుతుంది. మొదటి ఏడాది మీ రాష్ట్రంలోపలే అమ్మి చూడటం ఒక దారి. అది సరిపోతే, పెరిగాక జీఎస్టీలో చిన్న వ్యాపారులకు ఉన్న కాంపొజిషన్ పథకంలో 1 శాతం పన్నుతో, తక్కువ కాగితం పనితో నడిపించుకోవచ్చు. కానీ ఆ పథకంలో ఉంటే రాష్ట్రం దాటి అమ్మకూడదు. మీ ఆర్డర్లలో సగం హైదరాబాద్, బెంగళూరు, చెన్నై నుంచి వస్తుంటే మామూలు జీఎస్టీ రిజిస్ట్రేషన్ తీసుకుని, నెలకు కొంత ఇచ్చి అకౌంటెంట్‌ను పెట్టుకోండి. అమెరికాలో ఉన్న కొడుక్కి పార్శిల్ పంపడం వేరు, అక్కడ అమ్మడం వేరు. వ్యాపారంగా ఎగుమతికి ఐఈసీ (ఎగుమతి, దిగుమతిదారులకు ఇచ్చే కోడ్) నంబరు కావాలి, ఆ దేశపు ఆహార నిబంధనలు కూడా పాటించాలి. రెండో మూడో ఏడాది దాకా దాని జోలికి వెళ్లకపోవడమే మంచిది.

మీ పరిస్థితికి ఏది

ఇంట్లో ఇంకొకరి జీతం ఉండి, ఊరగాయల డబ్బు పైడబ్బు అయితే ఈ సీజనే దిగండి. పై మూడూ సరిగ్గా ఉంటే చాలు, మిగతావన్నీ అరకొరగా ఉన్నా ఫరవాలేదు. మీరు ఆగితే నేర్చుకునేది ఏమీ లేదు.

ఇల్లంతా మీ ఒక్కరి సంపాదన మీద నడుస్తుంటే, ఇప్పుడు చేస్తున్న పని వదలకుండా వారాంతాల్లో మొదలుపెట్టండి. ఇరవై కిలోలు, ఒకే రకం. పోయినా ఇంటి అద్దె ఆగకూడదు, అంతవరకే పెట్టండి. ధైర్యం లేనివాళ్లు అని ఎవరైనా అంటే వినకండి. ఆ ఇంటి బరువు మోసేది మీరు.

ఇప్పటికే రెండు మూడు సీజన్లు చేసి, ఆర్డర్లు కాదనాల్సి వస్తున్నవాళ్లకు నా సలహా వేరు. మీకు ఇంకా చిన్న ప్రయోగాలు అక్కర్లేదు. మీ పుస్తకంలో అంకెలున్నాయి. వేరే వంటగది, మెషిన్, అప్పు గురించి బ్యాంకుకు వెళ్లే సమయం ఇదే. చిన్నగా చేయడం అలవాటై అక్కడే ఆగిపోయినవాళ్లను కూడా నేను చూశాను.

వేరే వ్యాపారంలో నష్టపోయి, అప్పు తీర్చడానికి ఊరగాయలు మొదలుపెడదామనుకునేవాళ్లు కూడా ఫోన్ చేస్తారు. వాళ్లకు మాత్రం నేను మెల్లగా వద్దనే చెబుతాను. కిస్తీ ప్రతి నెలా వస్తుంది, ఊరగాయ డబ్బు అలా రాదు. ముందు నెలనెలా చేతికొచ్చే పని ఏదైనా చూసుకుని, దీన్ని పక్కన చిన్నగా పెట్టుకోమంటాను.

కాగితం మీద నాలుగు లైన్లు

దిగే ముందు ఒక కాగితం మీద ఇవి రాయండి: ఏం చేస్తున్నాను, ఎంత డబ్బు దాటను, ఏ తేదీ దాకా చూస్తాను, ఏ అంకె రాకపోతే ఆపేస్తాను. నాలుగో లైను ముందే రాయకపోతే ఎప్పటికీ రాయలేం. సరుకు చేతిలో ఉన్నాక మనసు "ఇంకో నెల చూద్దాం" అంటూనే ఉంటుంది. మాది ఒకసారి ఇలా రాశాం: పండుమిర్చి పచ్చడి, 6,000 రూపాయలు, మార్చి 31 దాకా, 12 కిలోలు పోకపోతే మళ్లీ పెట్టం. తొమ్మిది కిలోలే పోయింది. బాధేసింది, కానీ ఆపేశాం. కొన్నవాళ్లను అడిగితే రుచి బాగానే ఉందన్నారు, అంత కారం పిల్లలు తినలేకపోతున్నారన్నారు. మరుసటి ఏడాది కారం తక్కువ రకం మిరపతో మళ్లీ రాసుకున్నాం. ఈసారి 15 కిలోలు పెట్టాం, అన్నీ పోయాయి.

ఇది చదివేసరికి మామిడి సీజన్ దాటిపోయి ఉంటే వచ్చే ఉగాది దాకా ఆగకండి. గోంగూర ఏడాదంతా దొరుకుతుంది, రెండు కిలోలతో ఈ వారమే మొదలుపెట్టొచ్చు. కార్తీకంలో ఉసిరికాయ వస్తుంది, సంక్రాంతికి అటూ ఇటూగా చింతకాయ, ఆ తర్వాత పండుమిర్చి. ఒక్కోదానికీ ఒక కాగితం. మళ్లీ కాయ మార్కెట్లోకి వచ్చేసరికి మీ దగ్గర నాలుగు కాగితాలు, కొన్నవాళ్ల ఫోన్ నంబర్లు, ఏ పార్శిల్ కారిందో ఏది కారలేదో లెక్క ఉంటాయి. ఆవకాయ ఎన్ని కిలోలు పెట్టాలో అప్పుడు ఎవరినీ అడగనక్కర్లేదు.